పిల్లల కోపం, మౌనం, మొండితనం.. సిద్దిపేటలో ఎవరికి చూపించాలి? థెరపీ ఎక్కడ దొరుకుతుంది?

ఏడో తరగతి చదివే పిల్లాడు. ఆర్నెల్ల కిందటి వరకు బాగానే ఉన్నాడు. ఇప్పుడు బడి నుంచి వారానికో ఫిర్యాదు వస్తోంది. ఇంట్లో ఏం అడిగినా అరుపు, చేతిలో ఉన్నది విసిరేయడం. లేదంటే గంటల తరబడి మౌనం. అమ్మమ్మ ‘నజర్ తగిలింది, కొమురవెల్లి తీస్కపోండ్రి’ అంటుంది. నాన్న ‘రెండు తగిలిస్తే సెట్ అయితడు’ అంటాడు. క్లాస్ టీచర్ మాత్రం ‘ఒకసారి కౌన్సెలింగ్ చేయించండి’ అని చెప్పి ఊరుకుంటుంది.

చేయిద్దాం. కానీ ఎక్కడ? ఎవరి దగ్గర? జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లాలో మీకు తెలుసు. చెయ్యి విరిగితే ఎక్కడికి వెళ్లాలో కూడా తెలుసు. పిల్లాడి మనసు బాగాలేకపోతే ఏ ఓపీ చీటీ రాయించాలో చాలామందికి తెలియదు. పైన చెప్పిన పిల్లాడు ఫలానా ఇంటివాడు కాదు. ఇలాంటి పిల్లలున్న ఇళ్లు సిద్దిపేటలోనూ, గజ్వేల్‌లోనూ, దుబ్బాక, హుస్నాబాద్‌లలోనూ ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో అంచనా వేయడానికి కాస్త లెక్క చేయాలి.

జిల్లాలో ఎంతమంది?

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి చికిత్స అవసరమైన స్థాయిలో ఏదో ఒక మానసిక సమస్య ఉందని అందులో తేలింది. పల్లెల్లో అది 6.9 శాతం, మహానగరాల్లో 13.5 శాతం. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. కాబట్టి మన పిల్లల గురించి మాట్లాడాలంటే పక్క రాష్ట్రాల లెక్కనే అరువు తెచ్చుకోవాలి.

అరువు లెక్కే వేద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి సిద్దిపేట జిల్లా పరిధిలో ఉన్నవారు దాదాపు 10.12 లక్షలు. దేశ జనాభాలో 10-19 ఏళ్ల వారి వాటా అప్పట్లో సుమారు 21 శాతం. ఆ పదేళ్లలో సగం, అంటే 13-17 మధ్య ఐదేళ్లను తీసుకుంటే జిల్లాలో లక్ష మంది అటూ ఇటూ. అందులో 7.3 శాతం అంటే 7 వేల పైచిలుకు. ఇది ఉజ్జాయింపు లెక్క, కొంత తగ్గొచ్చు, కొంత పెరగొచ్చు. కానీ సమస్య పదుల్లోనో వందల్లోనో లేదని చెప్పడానికి ఇది చాలు.

ఇప్పుడు రెండో లెక్క. ఆ 7 వేల మందిలో ముగ్గురిలో ఒకరే థెరపీకి వచ్చారనుకోండి, 2,400 మంది. ఒక్కొక్కరికి పది సెషన్లు చొప్పున 24 వేల సెషన్లు. ఒక సైకాలజిస్టు రోజుకు ఆరుగురు పిల్లలను చూస్తూ ఏడాదికి 250 రోజులు పనిచేస్తే 1,500 సెషన్లు అవుతాయి. అంటే ఈ ఒక్క వయసు పిల్లల కోసమే, ఇంకే పనీ పెట్టుకోని సైకాలజిస్టులు 16 మంది కావాలి. దేశంలో సైకియాట్రిస్టులే లక్ష జనాభాకు 0.75 మంది ఉన్నారని పార్లమెంటరీ కమిటీ ముందుకు వచ్చిన లెక్క. ఆ సగటున మన జిల్లా వాటా ఏడెనిమిది మంది. వాళ్లు చూడాల్సింది పిల్లలను మాత్రమే కాదు, అన్ని వయసుల వాళ్లనూ.

థెరపీ అంటే మంచి మాటలు చెప్పడమా?

కాదు. ఇక్కడే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. ‘కౌన్సెలింగ్’ అనగానే మనకు గుర్తొచ్చేది పోలీస్ స్టేషన్‌లో ఎస్సై ఇచ్చే కౌన్సెలింగ్, లేదా బడికి వచ్చి గంటసేపు ప్రసంగించి వెళ్లే పెద్దమనిషి. అందుకే చాలామంది తల్లిదండ్రులు ‘సార్, మీరైనా వీడికి నాలుగు మంచి మాటలు చెప్పండి’ అంటూ పిల్లాడిని సైకాలజిస్టు ముందు కూర్చోబెడతారు. మంచి మాటలు ఆ పిల్లాడు ఇప్పటికే చాలా విన్నాడు.

థెరపీకి ఒక పద్ధతి ఉంటుంది. మొదటి ఒకటి రెండు సార్లు మాట్లాడేది పిల్లాడి చరిత్ర తెలుసుకోవడానికి. ఎప్పటి నుంచి, ఎక్కడెక్కడ, ఎవరి దగ్గర, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని అడుగుతారు. చెవులు, కళ్లు, నిద్ర, ఫిట్స్, థైరాయిడ్ లాంటివి కూడా చూడమంటారు. క్లాసులో వినని పిల్లాడికి నిజంగా చెవే సరిగా వినపడకపోవచ్చు. పుస్తకం తీయగానే కడుపునొప్పి అనే పిల్లకు అక్షరాలు చదవడంలోనే ఇబ్బంది ఉండొచ్చు. దాన్నే డిస్లెక్సియా అంటారు. దాని సంగతి తేల్చకుండా ‘బద్ధకం’ మీద పది సెషన్లు చేసినా లాభం ఉండదు.

పన్నెండేళ్లలోపు పిల్లల్లో కొట్టడం, విసిరేయడం, ఎదురు తిరగడం లాంటి ప్రవర్తన సమస్యలకు ప్రపంచమంతా మొదట సిఫార్సు చేసేది తల్లిదండ్రులకు శిక్షణ. అవును, కూర్చోవాల్సింది మీరు. వినడానికి కష్టంగా ఉంటుంది, నిజమే. ‘తప్పు నాదా?’ అనిపిస్తుంది. తప్పు గురించి కాదు. వారానికి ఒక గంట కలిసే సైకాలజిస్టు కంటే, మిగతా 167 గంటలు పిల్లాడితో ఉండే ఇల్లు ఎక్కువ మార్చగలదు. అంతే.

ఆ శిక్షణలో ఏం నేర్పుతారో ఒక ఉదాహరణతో చూద్దాం. దుకాణం ముందు పిల్లాడు చిప్స్ కోసం నేల మీద పడి ఏడుస్తాడు. అందరూ చూస్తున్నారని మీరు కొనిస్తారు. ఏడుపు ఆగుతుంది. మీకు ప్రశాంతత దొరికింది, పిల్లాడికి పాఠం దొరికింది. ఎంతసేపు ఏడిస్తే పని అవుతుందో తెలిసిపోయింది. మర్నాడు మీరు కొనివ్వకుండా చెంప మీద ఒకటి వేస్తారు. మూడో రోజు మళ్లీ కొనిస్తారు. ఇలా ఒకరోజు దెబ్బ, ఒకరోజు చిప్స్ దొరికితే ప్రవర్తన ఇంకా మొండిగా తయారవుతుంది. శిక్షణలో నేర్పేది ఈ వరసను తెంచడం. దుకాణానికి వెళ్లే ముందే ఏం కొంటామో చెప్పడం, ఏడుపుకు లొంగకుండా కొట్టకుండా నిలబడటం, అడిగినట్టు ఉన్న రోజున ‘ఇవాళ బాగున్నావు’ అని కాకుండా ‘అడిగి, వద్దంటే ఊరుకున్నావు చూడు, అది నాకు నచ్చింది’ అని ఏది నచ్చిందో స్పష్టంగా చెప్పడం. ఒక హెచ్చరిక: లొంగడం ఆపిన మొదటి వారం ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. చాలా ఇళ్లలో సరిగ్గా అక్కడే వదిలేస్తారు. ఇంట్లో నాయనమ్మ, తాతయ్య ఉంటే వాళ్లూ ఒకే మాట మీద ఉండాలి. మీరు వద్దన్నది వాళ్లు కొంగు చాటున ఇస్తే ఇదంతా వృథా.

కాస్త పెద్ద పిల్లల్లో భయం, ఆందోళన, దిగులు ఉంటే ఎక్కువగా చేసేది సీబీటీ. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి పొట్టి పేరు అది. ‘నాకు మార్కులు రాకపోతే అమ్మానాన్నల పరువు పోతుంది, నేను దేనికీ పనికిరాను’ అనే ఆలోచనను కాగితం మీద రాయించి, అది ఎంతవరకు నిజమో పిల్లతోనే పరీక్ష చేయిస్తారు. బడికి వెళ్లాలంటే వణికే పిల్లను ఒకేసారి క్లాసులో కూర్చోబెట్టరు. మొదట గేటు దాకా, తర్వాత స్టాఫ్ రూమ్ దాకా, తర్వాత ఒక పీరియడ్. మెట్టు మెట్టుగా. సాధారణంగా పన్నెండు నుంచి పదహారు వారాలు పడుతుంది. మధ్యలో ఇంటి పని ఇస్తారు. అది చేయకపోతే సెషన్‌కు వచ్చినా పెద్దగా ఉపయోగం ఉండదు.

మరి మందులు? కొన్నిటికి కావాలి. ఏడీహెచ్‌డీ తీవ్రంగా ఉన్నవారికి, దిగులు లోతుగా ఉన్నవారికి, లేనివి వినపడే, కనపడే స్థితిలో ఉన్నవారికి మందు ఆలస్యం చేయడం ప్రమాదం. కానీ ఏడీహెచ్‌డీ ఉన్న ఆరేళ్లలోపు పిల్లలకు మందు కంటే ముందు తల్లిదండ్రుల శిక్షణే మొదలుపెట్టాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా చెబుతోంది. మందు రాయడానికి ఐదు నిమిషాలు చాలు, థెరపీకి నలభై ఐదు నిమిషాలు కావాలి. రద్దీగా ఉండే ఓపీలో ఏది దొరుకుతుందో ఊహించుకోవచ్చు. అది డాక్టర్ల తప్పు అనుకోవడం కంటే, ఆ నలభై ఐదు నిమిషాల మనిషిని ప్రభుత్వం నియమించిందా లేదా అని అడగడం మేలు.

ఎవరు ఎవరు? సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్, మందు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు, థెరపీ చేస్తారు, మందు రాయరు. వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ‘కౌన్సెలర్’ అనే బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకుంటున్నారు. మూడు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి గోడకు వేలాడదీసినవాళ్లు కూడా ఉన్నారు. మీరు ఆర్‌సీఐ నంబర్ అడగండి. అడిగితే నొచ్చుకునేవారి దగ్గర పిల్లాడిని వదలకపోవడమే మంచిది.

ప్రభుత్వంలో ఏ తలుపు ఏ వయసుకు?

కాగితాల మీద చూస్తే పథకాలు తక్కువేం లేవు. చిక్కు ఏమిటంటే ఒక్కొక్కటి ఒక్కో వయసు దగ్గర మొదలై ఒక్కో వయసు దగ్గర ఆగిపోతుంది.

పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించే పథకం ఆర్‌బీఎస్‌కే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. 2013లో మొదలైంది. దీని సంచార బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి రావాలి. మీరు ఆ తెల్ల వాహనాన్ని చూసే ఉంటారు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఈ బృందం చూడాల్సిన జాబితాలో గుండె రంధ్రం, గ్రహణం మొర్రి, రక్తహీనతతో పాటు ఆటిజం తరహా ప్రవర్తన సమస్య, నేర్చుకోవడంలో ఇబ్బంది, ఏడీహెచ్‌డీ కూడా ఉన్నాయి. కాబట్టి బృందం వచ్చిన రోజున టీచర్ నోరు విప్పి ‘ఈ పిల్లాడిని చూడండి’ అనాలి. స్టెతస్కోప్ పెట్టి చూస్తే ఏడీహెచ్‌డీ కనపడదు.

అనుమానం వస్తే డీఈఐసీకి రాస్తారు. అంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రం. నిబంధనల ప్రకారం అక్కడ పిల్లల డాక్టర్, సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఒకే చోట ఉండాలి. మంచి ఆలోచన. కానీ అదే నిబంధనల్లో ఒక గీత ఉంది. ఆరేళ్లలోపు వారికి డీఈఐసీలోనే చికిత్స. ఆరు నుంచి పద్దెనిమిది ఏళ్ల వారికి ‘ఇప్పటికే ఉన్న ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా’. ఈ కథలోని అసలు ముడి ఈ వాక్యంలోనే ఉందని నాకు అనిపిస్తుంది. ఆటిజం ఉన్న నాలుగేళ్ల పాపకు ఒక చిరునామా ఉంది. పన్నెండేళ్ల కోపిష్టి పిల్లాడికి చిరునామా ‘ఇప్పటికే ఉన్న ఆసుపత్రి’. ఇక దిగులు, ఆందోళన అయితే ఆర్‌బీఎస్‌కే జాబితాలోనే లేవు.

వాటి కోసం 2014లో ఆర్‌కేఎస్‌కే వచ్చింది. 10-19 ఏళ్ల వారి కోసం. పోషకాహారం, మత్తు పదార్థాలు, హింస లాంటి ఆరు అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. దీని కింద నడిచే కౌమార క్లినిక్‌లో కౌన్సెలర్‌తో ఏకాంతంగా మాట్లాడొచ్చు. మీ ప్రాంత ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో దగ్గర్లో ఆ క్లినిక్ ఏ రోజు నడుస్తుందని అడగండి. అది ప్రాథమిక సలహాకు పనికొస్తుంది. వరుసగా పన్నెండు వారాల థెరపీకి సరిపోయే ఏర్పాటు కాదు.

మిగిలింది ఆసుపత్రి. సిద్దిపేటకు 2018 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. మెడికల్ కాలేజీ అన్నాక దాని అనుబంధ జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉండి తీరాలి. జిల్లా వాసులకు ఇదే పెద్ద దన్ను. పదేళ్ల కిందట ఇదే ఊరి వాళ్లు మానసిక వైద్యం అంటే ఎర్రగడ్డ పేరే చెప్పుకునేవారు, అదీ గొంతు తగ్గించి. ఇప్పుడు సాధారణ ఓపీ చీటీతో సైకియాట్రీ గదికి వెళ్లొచ్చు. వెళ్లినప్పుడు ‘సైకాలజిస్టు ఉన్నారా, ఏ రోజుల్లో కూర్చుంటారు, పిల్లలను చూస్తారా?’ అని మూడు ప్రశ్నలు అడగండి. డాక్టర్‌ను కలిశాక ‘మందుతో పాటు థెరపీ అవసరమా?’ అన్నది నాలుగోది.

దేశమంతా నడిచే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కూడా ఒకటుంది. 1996లో మొదలైంది. దాని బృందంలో సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉండాలి. బడులు, కాలేజీల్లో కౌన్సెలింగ్, ఆత్మహత్యల నివారణ దాని పనుల జాబితాలోనే ఉన్నాయి. మీరు హెడ్మాస్టరో, స్కూల్ యాజమాన్య కమిటీ సభ్యులో అయితే డీఎంహెచ్‌వో కార్యాలయానికి ఒక ఉత్తరం రాసి బృందాన్ని పిలిపించవచ్చు.

చదువులో వెనకబాటు, ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సమగ్ర శిక్ష కింద నడుస్తాయి. ఇవి వైద్య కేంద్రాలు కావు, కానీ ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు. వాళ్లకు జిల్లాలో ఏ సేవ ఎక్కడ దొరుకుతుందో తెలిసి ఉంటుంది. ఇంకో మాట, సర్టిఫికెట్ గురించి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం, చదవడంలో ప్రత్యేక ఇబ్బంది, మానసిక అనారోగ్యం ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. పదో తరగతి పరీక్షలో అదనపు సమయమో స్క్రైబో కావాలంటే తొమ్మిదో తరగతిలోనే పరీక్షలు చేయించుకోవాలి. హాల్ టికెట్లు వచ్చాక పరుగెత్తితే కుదరదు.

ఫోన్ ఒక్కటి ఉంటే

14416. దీన్ని ఇప్పుడే మీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. టెలీ మానస్ నంబర్ ఇది. 2022 అక్టోబర్ 10న మొదలైంది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో కలుపుతారు, జిల్లాలో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. పిల్లలే చేయాలని లేదు. ‘మా అబ్బాయి ఇలా ఉన్నాడు, నాకేం చేయాలో తెలియడం లేదు’ అని మీరు చేసినా మాట్లాడతారు. నిజానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని తల్లిదండ్రులకు ఇదే మొదటి మెట్టు. పిల్లలపై హింస, వేధింపు ఉంటే మాత్రం 1098కి చేయాలి. లైంగిక వేధింపు అని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. టీచరైనా, డాక్టరైనా, థెరపిస్టైనా సరే. హఠాత్తుగా మారిపోయిన పిల్లల వెనుక ఇలాంటిది ఏదైనా ఉందేమో అన్న ప్రశ్నను ఎవరూ దాటేయకూడదు.

బడి చేయాల్సింది ఏమిటి? సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి 2023 జూలైలో చనిపోయింది. ఆమె తండ్రి వేసిన కేసులో 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చే దాకా ఇవే పాటించాలని చెప్పింది. బడులు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, ప్రభుత్వమా ప్రైవేటా అన్న తేడా లేదు.

ఇందులో తల్లిదండ్రులుగా మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఒప్పందం పెట్టుకోవాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి. టెలీ మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనపడాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. వీటి అమలు చూడటానికి జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన కమిటీ ఉండాలి.

ఇప్పుడు మీ పాప చదివే బడి గోడలను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ర్యాంకుల ఫ్లెక్సీ ఉంటుంది. 14416 ఉందా?

గురుకులాల పిల్లల సంగతి ఇంకాస్త సున్నితం. పదేళ్లకే ఇల్లు వదిలి హాస్టల్‌కు వెళ్లిన పిల్లలను తల్లిదండ్రులు చూసేది నెలకోసారి. ఆ కాస్త సమయంలో టిఫిన్ డబ్బా విప్పి, తినిపించి, మార్కులు అడిగే లోపే గంట కొడతారు. నిద్ర పడుతోందా, స్నేహితులెవరు, ఎవరైనా ఏడిపిస్తున్నారా అని అడిగే తీరిక దొరకదు. ఇంటికి పంపేయమని పిల్లలు పదే పదే అడగడం అల్లరి కాదు, అక్కడ ఏదో చెప్పడానికి వాళ్లు చేస్తున్న ప్రయత్నం కావొచ్చు.

ఇక్కడ మా వృత్తి గురించి కూడా ఒక మాట. ‘ఫోన్ కొనివ్వలేదని..’, ‘తల్లి మందలించిందని..’ అంటూ మొదలయ్యే శీర్షికలు మీరు ప్రతి వేసవిలో చదువుతున్నారు. వాటిని రాసేది మాలాంటి డెస్క్‌ల్లో కూర్చున్నవాళ్లే. ఒక పిల్ల ప్రాణం ఒక్క ఫోన్‌కో ఒక్క మందలింపుకో పోదు. నెలల తరబడి పేరుకున్నది చివరికి ఒక రోజు బయటపడుతుంది. ఆ నెలలను వదిలేసి చివరి రోజును శీర్షిక చేస్తే, చదివిన తల్లిదండ్రులకు మిగిలేది భయం మాత్రమే. ఇక మందలించడం కూడా మానేసి, ఏమీ అడగకుండా ఊరుకుంటారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు చనిపోయారని వార్తలొచ్చాయి. మూల్యాంకనం మీద త్రిసభ్య కమిటీ వేశారు, తప్పిన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలించారు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్యతో చనిపోయిన విద్యార్థులు 13,044 మంది.

‘బతకాలని లేదు’ అంటే?

బెదిరింపు అనుకోకండి. నాటకం అనుకోకండి. నేరుగా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అడిగితే ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతాం. అలా కాదని, అడిగితే పిల్లలకు ఊరట దొరుకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ సహా నిపుణులందరూ చెబుతున్నారు. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుల మందు, మాత్రలు ఉంటే తాళం వేయండి లేదా ఇంటి నుంచే తీసేయండి. వ్యవసాయ కుటుంబాల్లో ఈ ఒక్క పని ఎన్నో ప్రాణాలు కాపాడుతుంది. అదే రోజు సైకియాట్రీ ఓపీకి, రాత్రయితే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

పోలీసు కేసవుతుందని దాచిపెట్టేవాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ అసలు లేదు. ఆసుపత్రి వాళ్లు పోలీసులకు సమాచారం ఇస్తారు, అది నమోదు కోసం, పిల్లాడిని నిందితుడిని చేయడానికి కాదు. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే మైనర్లను పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు, తల్లిదండ్రుల్లో ఒకరో సంరక్షకులో పక్కనే ఉండాలి. ఇవన్నీ అదే చట్టంలో ఉన్న హక్కులు.

హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే

కొన్ని కేసులకు వెళ్లక తప్పదు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. బుద్ధిమాంద్యం, ఆటిజం పరీక్షలకైతే బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. సిద్దిపేట బస్సు దిగే జేబీఎస్ నుంచి అది పెద్ద దూరం కాదు. 2023 అక్టోబర్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు కూడా ఉంది.

కానీ వంద కిలోమీటర్ల దూరాన్ని వారం వారం దాటడం వేరు. బీడీలు చుట్టే తల్లికి అది ఒక రోజు కూలీ, పిల్లకు ఒక రోజు బడి. మూడో వారానికి ‘కాస్త నయమే కదా’ అని ఆపేస్తారు. అందుకే మొదటి పరీక్ష, నిర్ధారణ హైదరాబాద్‌లో చేయించుకుని, తర్వాతి సెషన్లు సిద్దిపేటలోనో ఫోన్‌లోనో కొనసాగించవచ్చా అని మొదటి రోజే అడగండి. ప్రైవేటుకు వెళ్తే ఒక్క సెషన్ ఫీజు చూసి నిర్ణయించుకోకండి, దాన్ని పన్నెండుతో హెచ్చించి చూడండి. మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని చట్టం చెబుతున్నా, మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తాయి. థెరపీ అంతా ఓపీలోనే జరుగుతుంది.

మొదటిసారి వెళ్లేటప్పుడు పాత ప్రిస్క్రిప్షన్లు, ప్రోగ్రెస్ కార్డులు, టీచర్ రాసిచ్చిన నాలుగు వాక్యాలు తీసుకెళ్లండి. రెండు వారాల పాటు ఒక నోటుబుక్కులో గొడవ ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏమైంది, ఎలా ఆగింది అని రాయండి. పిల్లాడి ముందు డాక్టర్‌కు అతని తప్పుల చిట్టా చదవకండి. ఎక్కడికి వెళ్తున్నామో ముందే చెప్పండి. పళ్ల డాక్టర్ అని అబద్ధం చెప్పి తీసుకెళ్తే ఆ సైకాలజిస్టుతో పిల్లాడు ఇక నోరు విప్పడు. ‘నీకు పిచ్చని కాదు, మనిద్దరికీ రోజూ గొడవవుతోంది, ఎలా ఆపాలో తెలిసినవాళ్లను అడుగుదాం’ అంటే చాలు.